కొవాల్స్కి అను ఇంటిపేరు

పోలండు దేశమున దరఖాస్తు ఎట్లు నింపవలెనో చూపు మాదిరి కాగితములపై, పేరు వ్రాయవలసిన చోట తరచుగా కనిపించునది యాన్ కొవాల్స్కి. అట్టి మనిషి యెవ్వడును లేడు. లేక, అట్టివారు వేలకొలది కలరు. రొట్టె ధర పెరిగినప్పుడు ‘సగటు కొవాల్స్కి’ యెంత ఇబ్బంది పడునో పత్రికలవారు లెక్క కట్టుదురు. ఎన్నికల వేళ నాయకులు కొవాల్స్కి మనసులోని మాట తమకే తెలియునందురు. మనము ఎల్లయ్య, పుల్లయ్య అని నోటికి వచ్చిన పేర్లను వాడినట్లు, ఆ దేశమువారు ఊరును పేరును లేని సామాన్యునికి ఈ పేరు పెట్టుకొనిరి.

అయితే జనసంఖ్యలో ఈ పేరుది రెండవ స్థానము. మొదటిది నొవాక్. నొవాక్ అనగా ఊరికి కొత్తగా వచ్చినవాడు. నేటి పోలండులో నొవాక్‌లు సుమారు 2 లక్షలమంది; కొవాల్స్కి, కొవాల్స్కా అను పేర్లవారు కలిసి 1 లక్ష 30 వేలకు పైబడి ఉన్నారు. సంఖ్యలో ముందున్నవానిని విడిచి రెండవవానిని సామాన్యునికి ప్రతినిధిగా నిలుపుటకు కారణమేమి? నొవాక్ అను పేరు చెక్ దేశమునను స్లొవేనియాలోను ఇంచుమించు ఇదే రూపమున మొదటి స్థానమందున్నది; అది పోలిష్‌వారి సొంత సొత్తు కాదు. కొవాల్స్కి మాట వేరు. దాని చివరనున్న ‘స్కి’ ఇతర స్లావ్ జాతులలోను లేకపోలేదు గాని, అది వినగానే లోకము మొదట తలచుకొనునది పోలండునే. ఇంతకును ఈ పేరున ఒక విచిత్రమున్నది. దీని మొదలు కమ్మరిది, తోక దొరది. ఆ రెండును ఒక్క మాటలో ఎట్లు కలిసెనన్నదే ఈ పేరు చరిత్ర.

పోలిష్ భాషలో కొవాల్ అనగా కమ్మరి. ఇనుమును కాచి సాగగొట్టుట యను అర్థముగల ప్రాచీన స్లావ్ ధాతువు నుండి ఈ మాట పుట్టినది. ఉక్రెయిన్ భాషలోను కమ్మరి కొవాలే. స్లొవాకులు, సెర్బులు, క్రొయేషియనులు కొవాచ్ అందురు. హంగరీవారి భాష స్లావ్ కుటుంబమునకు చెందినది కాకపోయినను, ఆ మాటను ఎరువు తెచ్చుకొన్నది; అక్కడ మిక్కిలి వాడుకలోనున్న ఇంటిపేర్లలో కొవాచ్ ఒకటి. రష్యనులు అదే ధాతువు నుండి వేరొక త్రోవను కుజ్నెత్స్ అను మాటను చేసికొని, దానినుండి కుజ్నెత్సోవ్ అను ఇంటిపేరును కల్పించుకొనిరి. జర్మనుల ష్మిట్, ఆంగ్లేయుల స్మిత్, ఇటలీవారి ఫెరారీ కూడ కొలిమి దగ్గర పుట్టిన పేర్లే.

ఐరోపా అంతట కమ్మరి పేరు ఇంతగా వ్యాపించుటకు కారణము కమ్మరులు ఎక్కువమంది ఉండుట కాదు, తక్కువమంది ఉండుట. ఊరిలో రైతులు నూరుగురుండగా ‘రైతు యాన్’ అన్నచో ఏ యానో తెలియదు. కొలిమి ఒక్కటే. కనుక ‘కమ్మరి యాన్’ అన్నచో వేరొకనితో పొరపాటు పడుటకు వీలులేదు. పేరు పెట్టుటలోని ప్రయోజనమే గుర్తించుట. వాని కొడుకు కొలిమి మానివేసి సేద్యమునకు దిగినను ‘కమ్మరివాని కొడుకు’ అన్న గుర్తు పోలేదు. ఈ విధముగా కొవాల్ అను ఒక్క మాట నుండి కొవాలిక్, కొవాల్చిక్ అను పేర్లు పుట్టినవి. కొవాలిక్ అనగా చిన్న కమ్మరి. కొవాల్చిక్ అనగా కమ్మరి కొడుకు, లేక కమ్మరి వద్ద పని నేర్చుకొను కుర్రవాడు. ఇవి పల్లెటూరి నోట పుట్టిన పేర్లు. వీటిలో ఏ దర్పమును లేదు.

కొవాల్స్కి అను పేరునకు వేరొక మార్గమును ఉన్నది. పది మొదలు పండ్రెండవ శతాబ్ది వరకు పోలండు నేలిన పియాస్ట్ రాజులు తమ కోటల చుట్టు కొన్ని పల్లెలను ఒక్కొక్క వృత్తికి కేటాయించిరి. ఆ పల్లెవారు పన్నునకు బదులు ఆ పని చేసి ఇయ్యవలెను. ఆ పల్లెల పేర్లు నేటికిని పటములో ఉన్నవి. ష్చిత్నికి డాళ్లు చేయువారి ఊరు. గ్రోత్నికి బాణపు మొనలు చేయువారిది. పియెకారి రొట్టెలు కాల్చువారిది. ప్సారి వేటకుక్కలను సాకువారిది. సొకొల్నికి డేగలను పెంచువారిది. ఆ వరుసలోనిదే కొవాలె – కమ్మరుల పల్లె. ఈ పేరుగల ఊళ్లు పోలండులో పెక్కు ఉన్నవి. కొవాల్ అను పేరితో ఒక పట్టణమును కలదు. పోలండు రాజులలో ‘మహా’ అను బిరుదు పొందిన మూడవ కజిమీర్ 1310లో జన్మించినది ఆ పట్టణముననే.

అందరును కమ్మరులైన కొవాలె పల్లెలో కమ్మరి యనుట ఎవనికిని గుర్తు కాజాలదు. కాని ఆ పల్లె విడిచి పోయి వేరొక ఊర స్థిరపడినవానికి ‘కొవాలె వాడు’ అనునది చక్కని గుర్తు. కొవాలె అను ఊరిపేరునకు ‘స్కి’ చేరినచో కొవాల్స్కి అగును. కమ్మరి యను అర్థముగల కొవాల్‌కు ‘స్కి’ చేరినను కొవాల్స్కియే అగును. ఇంకొక చిక్కు. కొవాల్స్కి అనునది ఇంటిపేరు కాకముందే పోలిష్ భాషలో ఒక మామూలు విశేషణము. ‘కమ్మరికి సంబంధించిన’ అని దాని అర్థము. మ్వొత్ కొవాల్స్కి అన్నచో ఎవరో కొవాల్స్కి గారి సుత్తి కాదు, కమ్మరి సమ్మెట. కావున ఒక కొవాల్స్కి కుటుంబము పూర్వులు కొలిమి పనివారో, కొవాలె ఊరివారో, లేక కొవాల్ అను పేరునకు తోక తగిలించుకొన్న రైతులో పాత కాగితములు చూడక చెప్ప వీలులేదు. పోలిష్ ప్రాచీన వ్యక్తినామముల నిఘంటువును వెలువరింపజేసిన వితోల్ద్ తషిత్స్కి, ఆధునిక పోలండులోని ఇంటిపేర్ల నిఘంటువును 1992 మొదలు 1994 వరకు పది సంపుటములుగా ప్రకటించిన కజిమీర్ రిముత్ మొదలగు పండితులు ఈ పనికి తమ జీవితములను ధారపోసిరి. వారి నిఘంటువులు పేరు యొక్క మూలము చెప్పును. కుటుంబము యొక్క మూలము చెప్పవు. ఈ భేదమును మరచి, నిఘంటువు తెరచి తమ వంశమునకు కోటలు కట్టుకొనువారు ఏ దేశముననైనను ఉందురు.

ఇక తోక సంగతి.

పోలిష్ భాషకు సంబంధించిన తొలి వ్రాత సాక్ష్యములలో ముఖ్యమైనది 1136లో రెండవ ఇన్నొసెంట్ పోపు గ్నియెజ్నో ప్రధానాచార్యునికి ఇచ్చిన శాసనము. భాష లాటిన్, కాని అందులో మనుష్యుల పేర్లును ఊళ్ల పేర్లును కలిసి సుమారు 410 పోలిష్ నామములున్నవి. అందలి రైతులకు ఉన్నది ఒక్కొక్క పేరే. ఆనాడు దొరలకును అంతే. తరువాతి శతాబ్దులలో క్రైస్తవ నామములు ప్రబలి, ఊరికి పదిమంది యానులు, పియోత్రులు అయిన పిదప, భూములు గల ప్రభువులు తమ పేరునకు తమ ఊరిపేరు చేర్చి చెప్పుకొనసాగిరి: యాన్ జ్ తర్నోవా – అనగా తర్నుఫ్ ఊరి యాన్. క్రమముగా ‘ఊరి’ అను ఆ విభక్తి ప్రత్యయము పోయి, దాని స్థానమున విశేషణరూపము వచ్చినది. తర్నుఫ్ ఊరి యాన్, యాన్ తర్నోఫ్స్కి అయ్యెను. పదునారవ శతాబ్దిలో పోలండు సేనాపతియై 1561లో మరణించిన ప్రసిద్ధుడు యాన్ తర్నోఫ్స్కి ఈ వంశమువాడే.

తెలుగు వారికి ఇది క్రొత్త కాదు. కందుకూరు అను ఊరిపేరు ఇంటిపేరగునపుడు కందుకూరి అయినది. వేటూరు వేటూరి అయినది. ఊరిపేరు ఔపవిభక్తికమై మనిషి పేరునకు విశేషణమగుట రెండు భాషలలోను ఒక్కటే. కాని తెలుగు ఇంటిపేరు ‘మా పెద్దలు ఆ ఊరివారు’ అని మాత్రమే చెప్పును. పోలిష్ ప్రభువు పేరులోని ‘స్కి’ ‘ఆ ఊరు మాది’ అని చెప్పెను. అది చిరునామా కాదు, దస్తావేజు.

ఊరు మారినచో పేరును మారెను. పదునాల్గవ శతాబ్దిలో స్పిత్సిమీర్ అను ప్రభువు కుమారులలో ఒకరి శాఖకు మెల్ష్‌తిన్ కోట పేరును, ఒకరి శాఖకు తర్నుఫ్ పేరును వచ్చినవి. రక్తమొక్కటే, పేర్లు రెండు. వారిని కలిపి ఉంచినది ఇంటిపేరు కాదు. లెలివా అను వంశముద్ర. నెలవంకలో నక్షత్రము ఆ ముద్ర. పోలండులో ఒక్కొక్క ముద్ర క్రింద పెక్కు ఇంటిపేర్లుండుటకు ఇదియొక కారణము. దీనికి ఎదురు తిరిగిన ఉదాహరణ ఒకటి జమొయ్‌స్కిలది. జమోశ్చ్ అను పల్లెనుబట్టి ఆ వంశమునకు జమొయ్‌స్కి యను పేరు వచ్చినది. ఆ వంశమున పుట్టి మహామంత్రియైన యాన్ జమొయ్‌స్కి 1580లో ఒక నూతన నగరమును కట్టించి దానికి జమోశ్చ్ అను పేరే పెట్టెను. ఊరు మనిషికి పేరిచ్చినది. ఆ మనిషి వేరొక ఊరికి దానిని ఇచ్చి ఋణము తీర్చుకొన్నాడు.

పోలండు ప్రభువర్గము ఐరోపాలో తక్కిన దేశముల ప్రభువర్గముల కంటె పెద్దది. దేశజనాభాలో నూటికి ఎనిమిది మొదలు పదిమంది వరకు ప్రభువులని చరిత్రకారుల అంచనా. వారిలో గొప్ప కోటలున్నవారును కలరు. రైతువలె నాగలి పట్టుచు, నడుమున కత్తి మాత్రము వ్రేలాడదీసికొన్నవారును కలరు. చట్టము ముందు వారందరు సమానులు. రాజును ఎన్నుకొను హక్కు వారిది. రైతుకు ఆ హక్కు లేదు; ఊరు విడిచి పోవు స్వేచ్ఛయు లేదు. ఎవరు ప్రభువు, ఎవరు కాదు అని తేల్చి పట్టికలు వ్రాసి ఉంచు కార్యాలయము మాత్రము ఆ రాజ్యమున లేదు. తనకు ప్రభుత్వము లేదని ఎవడైన ఆక్షేపించినపుడు సాక్షులను తెచ్చుకొని న్యాయస్థానమున నిరూపించుకొనవలెను. ఎవడును ఆక్షేపింపనంతకాలము ఎవడు చెప్పుకొన్నది వానికి చెల్లెను. ఇట్టి చోట ఒక చిన్న ప్రత్యయమునకు ఎంత విలువ పెరుగునో ఊహింపవచ్చును.

ఆ విలువను అందరికంటె తీక్ష్ణముగా గమనించినవాడు వలేరియన్ నెకందా త్రెప్కా. క్రాకుఫ్ ప్రాంతపు చిన్న ప్రభువు, 1640లో మరణించెను. ఇతడు పదునేడవ శతాబ్ది తొలి భాగమున ఏండ్ల తరబడి సంతలలోను, పూటకూళ్ల యిండ్లలోను, న్యాయస్థానముల అరుగులమీదను చెవియొగ్గి, తాము ప్రభువులమని దొంగగా చెప్పుకొనుచున్న రైతుల, పట్టణవాసుల కుటుంబముల వివరములను అక్షరక్రమమున ఒక పుస్తకములో ఎక్కించెను. అట్టి కుటుంబములు రెండువేల అయిదువందలకు పైగా తేలినవి. ఆ గ్రంథమునకు వాడుకలో నిలిచిన పేరు ‘లీబెర్ ఖమోరుమ్’. బైబిలులో నోవహు కుమారులలో ఒకడైన హాము సంతతియే రైతులని పోలిష్ ప్రభువులు చెప్పుకొనెడివారు. ‘ఖామ్’ అనునది వారి నోట మోటువాడను తిట్టు అయ్యెను. ఖాముల పుస్తకమని ఆ పేరునకు అర్థము.

త్రెప్కా చూపిన మాయోపాయములలో ముఖ్యమైనది ఈ తోకయే. రైతు కొడుకు ఊరు విడిచి దూరదేశము పోవును. అక్కడ ఏ పెద్దయింటనో కొలువు కుదురుకొనును. తండ్రి పేరునకో విడిచి వచ్చిన పల్లె పేరునకో ‘స్కి’ తగిలించుకొనును. నాలుగేండ్లలో వాడు ప్రభువు. వాని పిల్లలు పుట్టు ప్రభువులు. త్రెప్కా వ్రాతలో సత్యమెంత, పుకారెంత అన్న విషయమై చరిత్రకారులు నేటికిని జాగ్రత్తగానే మాటలాడుదురు. అతడు ఎవరిని పట్టి ఈయవలెనని ఆ గ్రంథము వ్రాసెనో వారిలో ఒక్కనికైనను దాని వలన హాని జరిగినట్లు చెప్పుట కష్టము. ఏలనగా అది వ్రాతప్రతిగానే ఉండిపోయి 1963లో గాని అచ్చు కాలేదు. అప్పటికి పోలండులో ప్రభువర్గమే లేదు. ద్వేషముతో కూర్చిన ఆ పట్టిక మనకు మాత్రము అమూల్యము. పుట్టుకచేత మూయబడిన తలుపును సామాన్యులు ఒక్క ప్రత్యయముతో ఎట్లు తెరచుకొనిరో దానివలె చూపు పుస్తకము మరొకటి లేదు. ఆ పేర్లను వారు దొంగిలించిరని త్రెప్కా మాట. భాషలోని ప్రత్యయము ఎవని ఆస్తియని అడిగినవాడు అతని కాలమున లేకపోయెను.

అందరును మోసముచేతనే ఈ తోకను ధరించిరనుకొనరాదు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో అది ఇంటిపేరనగా ఇట్లుండవలెనను ఒక అచ్చు వంటిదైనది. పల్లెలోని మతగురువు పుట్టుకలు, పెండ్లిండ్లు, చావులు చిట్టాలో వ్రాయునపుడు ఒక్క మనిషినే ఒకసారి కొవాల్ అనియు, ఒకసారి కొవాల్చిక్ అనియు, మరియొకసారి కొవాల్స్కి అనియు వ్రాయుట ఉన్నది. కొందరు గురువులు లాటిన్ మీది మోజుతో కమ్మరిని ‘ఫాబెర్’ అనియే వ్రాసి ఊరకుండిరి. రైతునకు చదువు రాదు. కనుక తనకు ఏ పేరు పడెనో తానెరుగడు. 1772, 1793, 1795లలో ఇరుగుపొరుగు రాజ్యములు మూడును పోలండును పంచుకొన్న పిదప, పన్నులకును సైన్యమునకును మనుష్యులను లెక్కించుకొనవలసిన ఆ ప్రభుత్వములు ప్రతివానికిని మారని ఇంటిపేరు ఉండితీరవలెనని శాసించినవి. యూదులకు ఆస్ట్రియా ఈ నియమమును 1787లో విధించినది; ప్రష్యా తన వంతునకు వచ్చిన పోలిష్ ప్రాంతములలో 1797లో విధించినది. చిట్టాలో ఆనాడు ఏ రూపమున్నదో అదియే నిలిచిపోయినది. కొవాల్చిక్‌లు ఒకవైపు, కొవాల్స్కిలు ఒకవైపు వేరుపడిరి. అన్నదమ్ముల బిడ్డలే యై యుండవచ్చును.

అప్పటికి నిజముగా ప్రభువంశమువారైన కొవాల్స్కిలకు చిక్కు వచ్చినది. గుంపులో తాము కలిసిపోకుండుటకు వారు తమ వంశముద్ర పేరును ఇంటిపేరునకు ముందు చేర్చుకొనిరి. మంచులో తోడేళ్లను, పరుగెత్తు బండ్లను చిత్రించి జర్మనీలో పేరుపొందిన చిత్రకారుడు అల్‌ఫ్రెద్ వియెరుష్-కొవాల్స్కి (1849–1915) పేరులోని ‘వియెరుష్’ అట్టి ముద్ర. ఒకనాడు ప్రభువును వేరుచేసి చూపిన ‘స్కి’ ఆ పని చేయజాలక, దానికి ముందు మరియొక మాట కావలసివచ్చినది. వేరొకవైపు చూచినచో, 2000లో రోము పీఠము పునీతగా ప్రకటించిన ఫౌస్తీనా కొవాల్స్కా (1905–1938) పేద పల్లె కుటుంబమున పుట్టినది. తండ్రి సేద్యము చేసికొనుచు వడ్రంగము చేసెను. వడ్రంగి యింట కమ్మరి పేరు, దానికి దొర తోక!

ఆమె పేరు కొవాల్స్కా. తండ్రి పేరు కొవాల్స్కి. ఇక్కడనే పరభాషల వారు తడబడుదురు. ఇవి రెండు ఇంటిపేర్లు కావు, ఒక్కటే. ‘స్కి’తో ముగియు పేరు విశేషణము గనుక, తాను విశేషించు నామము యొక్క లింగవచనములను అనుసరించును. పురుషుడు కొవాల్స్కి, స్త్రీ కొవాల్స్కా, దంపతులో, పురుషులున్న కుటుంబమో అయినచో కొవాల్స్‌ౘి, అక్కచెల్లెండ్రు మాత్రమే అయినచో కొవాల్స్కియె. విభక్తులు చేరినపుడు ఇంకను మారును. ‘కొవాల్స్కి యొక్క’ అనుటకు కొవాల్స్‌కియెగో అందురు. ‘కొవాల్స్కా యొక్క’ అనుటకు కొవాల్స్‌కియెయ్ అందురు. సంస్కృత విశేషణములు విశేష్యముతో పాటు నడచు తీరు ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యము లేదు.

కొవాల్, నొవాక్ వంటి పేర్లు విశేషణములు కావు, నామవాచకములు. వాటి విషయమున పూర్వాచారము వేరు. నొవాక్ భార్య నొవాకోవా. నొవాక్ కూతురు నొవాకువ్‌నా. పేరు వినగానే ఆమె ఒకని భార్యయో, ఒకని పెండ్లికాని కూతురో లోకమునకు తెలిసిపోవును. కొవాల్స్కా అన్నచో అది తెలియదు. భార్యయైనను కూతురైనను కొవాల్స్కాయే. వ్యాకరణము యాదృచ్ఛికముగా ఒక వర్గపు స్త్రీలకు ఇచ్చిన ఈ చిన్న చాటు రెండవ వర్గమువారికి లేకపోయెను.

పోలిష్ సాహిత్యమున దీని గుర్తులు నిలిచియున్నవి. పందొమ్మిదవ శతాబ్దపు గొప్ప నవలాకారులలో ఒకతెయైన ఎలీజా ఒఝెష్కోవా (1841–1910) పేరునకు అర్థము ‘ఒఝెష్కో భార్య’ అని. పుట్టింటి పేరు పవ్వోఫ్స్కా. 1858లో ఆమెకు వివాహమైనది. 1863 తిరుగుబాటు తరువాత రష్యా ప్రభుత్వము భర్తను ప్రవాసమునకు పంపినది. ఆమె వెంట వెళ్లలేదు. 1869లో ఆ వివాహము రద్దయినది. 1894లో ఆమె వేరొకరిని పెండ్లాడినది. ఐనను ఆమె గ్రంథములన్నిటిపైనను, వీధుల పేర్లలోను, పాఠ్యపుస్తకములలోను నేటికిని ఉన్నది ఆ విడిపోయిన భర్త పేరే. కవయిత్రి కజిమియెరా ఇవ్వకొవిచువ్‌నా పేరునకు ‘ఇవ్వకొవిచ్ కూతురు’ అని అర్థము. ఆమె అవివాహితగానే యుండి 1983లో వృద్ధురాలై మరణించినది. ‘కూతురు’ అను ఆ ప్రత్యయము చివరివరకు ఆమెతోనే యున్నది. ఇరువదవ శతాబ్ది గడచిన కొలది ఈ ‘ఓవా’, ‘ఉవ్‌నా’ రూపములు వాడుకలో సన్నగిల్లినవి. 2018 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందిన ఓల్గా తొకర్చుక్ పేరు నామవాచకమే. అందు స్త్రీ ప్రత్యయమేదియు లేదు. తొకార్జ్ అనగా తరిమెన పట్టువాడు. ‘చుక్’ తూర్పు ప్రాంతమున కొడుకును తెలుపు ప్రత్యయము. కొడుకు అను అర్థము గల పేరును ఒక కూతురు మోయుచున్నది. 1996లో ఆ బహుమతి పొందిన విస్వావా షింబోర్స్కా పేరు మాత్రము కొవాల్స్కా వలెనే విశేషణము. తెలుగు పత్రికలలో ఆమె పేరును ఎవ్వరును ‘షింబోర్స్కి’ యని వ్రాయరు. కాని ఆమె తండ్రి ప్రస్తావన వచ్చినపుడు ఆయనను ‘షింబోర్స్కా’ అని వ్రాసినచో అది ఆయనను స్త్రీని చేయుటయే.

సరిహద్దు దాటిన వెంటనే ఈ వ్యాకరణము చచ్చిపోవును. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దులలో జర్మనీలోని రూర్ బొగ్గుగనులకు లక్షలమంది పోలిష్ మాటలాడువారు వలసపోయిరి. జర్మన్ చిట్టాలు ‘స్కి’ని కదలని రాయిగా చేసినవి, అక్కడ తల్లియు కొవాల్స్కి, కూతురును కొవాల్స్కి. అమెరికాలోను అంతే. టెనెసీ విలియమ్స్ 1947లో ప్రదర్శితమైన తన నాటకము ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’లో కథానాయకునికి స్టాన్లీ కొవాల్స్కి అను పేరు పెట్టెను. 1951లో అది చలనచిత్రమైనప్పుడు మార్లన్ బ్రాండో నటన వలన ఆ పేరు లోకమంతట ప్రాకినది. నాటకములో ఒకవైపు పడిపోయిన జమీను కుటుంబపు ఫ్రెంచి పేరు దుబ్వా, ఒకవైపు కొవాల్స్కి. ఆ రెండవ పేరు వినగానే వలస కూలి, మోటుతనము, చెమట అమెరికా ప్రేక్షకునికి తోచినవి. త్రెప్కా ఎవరిని ప్రభువుల వేషము వేయుచున్నారని తిట్టెనో వారి తోక సముద్రము దాటి కూలివాని గుర్తు అయినది. స్టాన్లీ భార్య స్టెల్లా ఆ నాటకమున స్టెల్లా కొవాల్స్కియే. పోలిష్ అనువాదకుడు ఆమెను కొవాల్స్కా చేయవలెనా, అమెరికా పద్ధతినే ఉంచవలెనా అన్నది చిన్న సమస్య కాదు.

తెలుగు రచయితకు ఈ పేర్లు సాధారణముగా ఇంగ్లీషు ద్వారమున వచ్చుచున్నవి గనుక ఇంగ్లీషు నోటి వంకరలతోనే వచ్చుచున్నవి. తెలుగు లిపికి ఆ అగత్యము లేదు. పోలిష్ త, ద లు దంత్యములు. వాటిని ట, డ లుగా వ్రాయుట ఇంగ్లీషు అలవాటే గాని పోలిష్ ఉచ్చారణ కాదు. తర్నోఫ్స్కిని టార్నోవ్స్కీ అనవలసిన పనిలేదు. చివర ‘స్కి’ హ్రస్వము. దాని ముందు వచ్చు వకారము ఉచ్చారణలో ఫకారమగును. అన్నిటికంటె సంతోషింపదగిన విషయము వేరొకటి. పోలిష్‌లో మూడు విధములైన చకారములున్నవి. వాటిలో ఒకటి తెలుగులో చాప, చలువ అను మాటలలోని దంత్య చకారమే. మహాకవి మిౘ్‌కియేవిచ్ పేరులో వాటిలో రెండు ఉన్నవి: నడుమ దంత్యము, చివర తాలవ్యము. ఇంగ్లీషు లిపి ఈ భేదమును చూపజాలదు. తెలుగు అచ్చుకూటములు విడిచిపెట్టిన ‘ౘ’ అక్షరము పోలిష్ పేర్ల కొరకే మిగిలియున్నట్లు తోచును. జకారమునకును ఇట్టి దంత్య రూపము రెండు భాషలలోను కలదు.

పోలిష్ పేర్లు దక్షిణదేశమునకు పూర్తిగా దూరమైనవియు కావు. 1935లో భారతదేశమునకు వచ్చి 1971లో మైసూరులో కన్నుమూసిన వాందా దినోఫ్స్కా, 1944లో మద్రాసున పోలిష్-భారతీయ గ్రంథమాలను స్థాపించి, భగవద్గీతను పోలిష్‌లోనికి తెచ్చి, భారతీయ కవిత్వమును సంపుటములుగా ప్రకటించినది. ఈ దేశమున ఆమె ఉమాదేవి. ‘స్కా’తో ముగియు పేరును విడిచి ఆమె ధరించిన పేరున ఊరును లేదు, వంశమును లేదు, భర్తయు లేడు, తండ్రియు లేడు.

అనువాదకులకు చివరి చిక్కు సంబోధన. పోలిష్‌లో పురుషుని ‘పాన్’ అనియు, స్త్రీని ‘పాని’ అనియు మన్నించి పిలుతురు. పాన్ అనగా మొదట ప్రభువు. ఆ మాటయు ‘స్కి’ వలెనే దిగి వచ్చి నేడు ఉత్తరములు తెచ్చువానికిని చెల్లుచున్నది. మూడవవారి యెదుట చెప్పునపుడు ‘పాన్ కొవాల్స్కి’ అనుట సహజము. దానిని ‘కొవాల్స్కిగారు’ అని తెనిగించవచ్చును. కాని మనిషి యెదుట నిలిచియుండగా ‘పానియె కొవాల్స్కి’ అని ఇంటిపేరుతో పిలుచుట అక్కడ మర్యాద కాదు. పై అధికారి క్రిందివానిని గద్దించు ధోరణి అందున్నది. ఎదుటివానిని మన్నించువారు ‘పానియె యానియె’ అందురు. ఇంగ్లీషు నవలలలోని ‘మిస్టర్ కొవాల్స్కి’ని చూచి తెలుగు సంభాషణలో ‘ఏమండీ కొవాల్స్కిగారూ’ అని వ్రాయుటకంటె ‘యాన్‌గారూ’ అని వ్రాయుట పోలిష్ పాత్రకు దగ్గరగా నుండును.